అక్షరాభ్యాసము – మరునాటి నుండి మన కర్తవ్యము



విజయదశమి నాడును, వసంతపంచమి నాడును మన దేవాలయములలో ఒక ముచ్చటైన దృశ్యము కనిపించును. కొత్తబట్టలు కట్టిన పసిబిడ్డలు తల్లిదండ్రుల ఒడిలో కూర్చుండి, పళ్ళెములో పరచిన బియ్యముపై మొదటిసారిగా వ్రేలితో అక్షరము దిద్దుదురు. వీలున్నవారు బాసర వెళ్ళి జ్ఞానసరస్వతీ సన్నిధిలో ఆ వేడుక జరుపుకొందురు. అంత దూరము పోలేనివారు యాదగిరిగుట్టలోనో, మట్టపల్లిలోనో, అలంపురములోనో, మన్యంకొండలోనో, కాకున్న తమ ఊరి గుడిలోనే ఆ శుభకార్యమును నెరవేర్చుకొందురు. పలకలు, బలపములు పంచుదురు. బిడ్డ నోట బెల్లము పెట్టుదురు. అంతటితో ఉత్సవము ముగియును.

మరునాడు ఆ పలక ఏమగుచున్నది? పెక్కు ఇండ్లలో అది అటుక మీదికి చేరుచున్నది. "ఇక బడివారే చూచుకొందురు" అని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉందురు. నేటి మన ప్రసంగము ఆ మరునాటిని గూర్చియే. సంస్కారము ఒక్కనాటిది, అభ్యాసము నిత్యమైనది. అభ్యాసమనగా మరల మరల చేయుట. అక్షరాభ్యాసమను పేరులోనే పెద్దలు ఆ ఆజ్ఞను ఉంచినారు.

సంస్కారములోనే పాఠమున్నది

నశింపనిది కనుక అది అక్షరము. అక్షరములలో అకారము తానేనని భగవానుడు గీతలో, విభూతియోగమున, సెలవిచ్చినాడు. కనుక బిడ్డ దిద్దిన మొదటి 'అ' భగవద్విభూతియే. మనము వాడుకగా ఓనమాలు అనుమాట కూడ 'ఓం నమః' అను నమస్కారము నుండి పుట్టినదే.

ఆ సంస్కారమును ఒకసారి శ్రద్ధగా పరిశీలింపుడు. బిడ్డ ఎక్కడ కూర్చున్నాడు? ఒడిలో. వ్రేలు ఎవరు పట్టుకొన్నారు? తనను ప్రేమించు పెద్దలు. అక్షరమును మౌనముగా వ్రాయించినారా? లేదు, నోట పలికించుచు చేత వ్రాయించినారు. దేనిపై వ్రాయించినారు? ఇంట దినదినము వండుకొను బియ్యముపై. గీత వంకరపోయినచో కసరినారా? లేదు, బెల్లము పెట్టినారు. ఒడి, వ్రేలు, పలుకు, ఇంటి వస్తువు, తీపి – ఈ ఐదును కలిసినదే ఇంటి చదువు. ఆనాడు పురోహితులు చేయించినదానిని ప్రతిదినము పావుగంట సేపు ఇంటిలో కొనసాగించుటయే తల్లిదండ్రుల కర్తవ్యము.

హిరణ్యకశిపుని ఒడి

నృసింహస్వామి వెలసిన ఈ సీమలో ప్రహ్లాదచరిత్ర తెలియనివారు ఉండరు. బమ్మెర పోతనామాత్యుడు తెలుగు భాగవతమున సప్తమస్కంధములో దానిని మనకు అందించినాడు. భక్తికథగా దానిని ఎన్నో మారులు విన్నాము. అది ఒక బాలుని చదువుకథ కూడనని గుర్తింపవలెను.

చండామార్కుల వద్ద చదివి వచ్చిన కుమారుని హిరణ్యకశిపుడు ఒడిలో కూర్చుండబెట్టుకొన్నాడు. శిరస్సును ముద్దాడినాడు. ఆనందబాష్పములు రాల్చినాడు. "నీవు నేర్చినదానిలో నీకు మంచిదిగా తోచినది చెప్పు నాయనా" అని అడిగినాడు. ఇంతవరకు ఆ తండ్రి చేసినదంతయు ఏ తండ్రియైనను చేయదగినదే. కాని తాను కోరిన సమాధానము రాకపోగానే, ఏ ఒడిలో కూర్చుండబెట్టుకొన్నాడో ఆ ఒడి నుండియే బిడ్డను నేలపైకి త్రోసివేసినాడు.

మనలో పలువురము ప్రతిసాయంకాలము ఈ పనియే చేయుచున్నాము. పుస్తకము తెరచి బిడ్డను ప్రేమగా పిలుతుము. బిడ్డ 'ప' అనవలసినచోట 'వ' అనును. మరల అడుగుదుము. మరల తప్పును. మూడవసారి చేయి లేచును, లేదా "నీకు చదువు రాదు" అను మాట వెలువడును. ఆ క్షణముననే బిడ్డ ఒడి నుండి నేలపై పడినాడు. దెబ్బ ఒంటికి తగులకపోయినను మనసునకు తగిలినది. ఆ తరువాత పుస్తకము కనబడిన చాలు, బిడ్డకు పడిపోయిన సంగతియే జ్ఞాపకమునకు వచ్చును. తప్పు పలికిన బిడ్డకు ఒప్పును మెల్లగా పలికి వినిపించి ముందుకు సాగవలెను. ఒడి మాత్రము తీయరాదు.

శ్రవణము, కీర్తనము, స్మరణము

ఆనాడు తండ్రి ప్రశ్నకు ప్రహ్లాదుడు చెప్పిన సమాధానము నవవిధభక్తి. అందు మొదటి మూడు – శ్రవణము, కీర్తనము, స్మరణము. వినుట, పలుకుట, జ్ఞప్తియందుంచుకొనుట. పసిబిడ్డ చదువునకు కూడ ఇదియే క్రమము. కన్ను అక్షరమును చూచుటకు పూర్వమే చెవి శబ్దమును పట్టుకొనవలెను.

ఇందుకు మన ఇండ్లలో సాధనములకు కొదువలేదు. ఎన్నడును పుస్తకము పట్టని తల్లులు బతుకమ్మ చుట్టు తిరుగుచు గంటల తరబడి పాడుచుందురు. ఒకరు చరణము అందుకొనగా పదిమంది 'ఉయ్యాలో' అని పలుకుదురు. చప్పట్లు తాళము తప్పవు. ఆ చప్పట్లనే చదువునకు వాడుకొనవచ్చును. 'న-ర-సిం-హ' అని నాలుగు చప్పట్లు కొట్టించుడు. 'ల-క్ష్మి' అని రెండు. మాటను ముక్కలుగా విడదీయవచ్చునని బిడ్డకు చేతులే నేర్పును. "కమలలో మొదట వినబడినదేది?" అని అడుగుడు. "క" అని చెప్పిన బిడ్డకు 'క' అను అక్షరము చూపినంతనే అది పరిచితుని ముఖమువలె తోచును. శబ్దము తెలియకుండ ఆకారమును మాత్రమే దిద్దిన బిడ్డ, పదిసార్లు వ్రాసినను అది ఏ అక్షరమో చెప్పలేడు.

రాత్రివేళ కథ చెప్పుట, పొడుపుకథ విప్పించుట, భజనలో కూర్చుండబెట్టుట – ఇవియన్నియు శ్రవణమే. ఇవి లేని ఇంట పుస్తకము ఒంటరిదగును.

అక్షరముల వరుస, మాటల వరుస

మన లిపి బిడ్డలకు మేలు చేయు లిపి. ఆంగ్లమున ఒకే అక్షరము ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా పలుకబడును. తెలుగున వ్రాసినదే చాలవరకు పలుకుదుము. అయితే అక్షరములు 56 అనియు, వానికి గుణింతములు, ఒత్తులు అనియు విని తల్లిదండ్రులే బెదరుదురు. అన్నియు వరుసగా ముగిసిన పిదపనే మాట చదివించవలెనను నియమము లేదు.

ల, వ, త, క, ప, డ – ఈ ఆరు అక్షరములు మాత్రము ముందుగా నేర్పి చూడుడు. తల, వల, కల, వడ, పలక, పడవ, కడవ, పడక – ఎనిమిది మాటలు బిడ్డ స్వయముగా చదువగలడు. తన ఇంటి కడవను, తన చేతి పలకను తానే చదివినప్పుడు బిడ్డ ముఖమున వెలుగు చూడవలెను. వర్ణమాలను పాటవలె పాడించుట మంచిదే, అది చెవికి. చదివించుట మాత్రము ఇట్లు మాటలతో సాగవలెను, అది బుద్ధికి. ఒక దానినొకటి పోలిన అక్షరములను – ప, వ, ష, మ, య, డ, ద, బ, భ – ఒకేనాడు నేర్పరాదు. ఒకటి బాగుగా కుదిరిన పిదప రెండవది చూపి, భేదమును బిడ్డచేతనే చెప్పించవలెను.

తరువాత గుణింతము. తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము – ఈ పేర్లు ఎంత మధురమైనవి! అక్షరము శిరస్సుపై గుడిని నిలిపిన భాష మనది. 'క'పై గుడి కట్టిన 'కి' యగునని చెప్పిన బిడ్డ మరచిపోడు. ఒకనాడు ఒక్క గుర్తు చాలును. దీర్ఘము నేర్చిననాడు కాకి రాదు గాని కాలవ వచ్చును. గుడియు నేర్చినచో కాకియు వచ్చి వ్రాలును.

ఒత్తులకు మన బంధువుల పిలుపులే పాఠములు. అమ్మ, అక్క, అన్న, అవ్వ, అత్త – ఇవియన్నియు ద్విత్వాక్షరములతో కూడిన మాటలు. క, త, న, మ, య, ర, ల అను వాని ఒత్తులు తమ అక్షరములను పోలియుండవు. బిడ్డలు తడబడునది అక్కడనే. అందుచేత వానికి ఎక్కువ దినములు కేటాయించవలెను.

బియ్యము, ఇసుక, ముగ్గుపిండి – వ్రేలితో వ్రాయుటకు వీనిని మించినవి లేవు. 1823వ సంవత్సరమున బళ్ళారి కలెక్టరుగా ఉన్న క్యాంప్‌బెల్ అను దొర తన జిల్లాలోని 533 దేశీయ పాఠశాలలను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపినాడు. బిడ్డ ఐదవ ఏట బడిలో చేరుననియు, ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుననియు అందు వర్ణించినాడు. అంతకు పూర్వమే, మద్రాసులో ఒక పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ ఇసుకవ్రాతను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుకొను పద్ధతిని ప్రశంసించుచు 1797లో పుస్తకము వ్రాయగా, అది ఇంగ్లండు బడులలో వ్యాపించినది. మన వీధిబడి సంగతి సముద్రము దాటినదన్నమాట. అయితే క్యాంప్‌బెల్ రెండు లోపములు కూడ చూపినాడు. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఒకటి; అన్ని వేల విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమేనని రెండవది. మంచిని నిలుపుకొని, ఆ రెండు లోపములను మన ఇంటిలోనికి రానీయకుండుట మన వివేకము. కొడుకును కూర్చుండబెట్టిన ఒడిలోనే కూతురును కూర్చుండబెట్టవలెను.

"మాకే చదువు రాదు, ఏమి చేయుదుము?"

ఇచట ఒక సందేహము కలుగును. "స్వామీ, మీరు చెప్పునది చదువుకొన్నవారికి. మేము నిశానీలము. బిడ్డకు ఎట్లు నేర్పుదుము?" ఈ ప్రశ్న మన జిల్లాలలో చాల ఇండ్లది. 1991 జనాభా లెక్కలలో మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 30 మంది, నల్లగొండ జిల్లాలో సుమారు 38 మంది. 2011 నాటికి అవి సుమారు 55, 64 అయినవి. ఇది గొప్ప వృద్ధియే. అయినను అప్పటికిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలలో చిట్టచివరిది మహబూబ్‌నగరే. అక్కడి స్త్రీలలో సగముకంటె తక్కువ మందికే చదువు వచ్చెడిది. 2016లో జిల్లాలు విడిపోయి పేర్లు మారినవి గాని, ఆనాటి ఆ తల్లులు నేటి అవ్వలై మన ఇండ్లలోనే ఉన్నారు. దేశమంతట ఆనకట్టలు కట్టి, రహదారులు వేసిన పాలమూరు కూలీలు తమ పసివారిని ఆ అవ్వల వద్దనే విడిచి వలసపోయినారు.

వారికి సమాధానము మరల ప్రహ్లాదచరిత్రలోనే ఉన్నది. ప్రహ్లాదుడు గర్భమున ఉండగా అతని తల్లికి నారదమహర్షి తత్త్వోపదేశము చేసినాడు. కాలక్రమమున ఆ తల్లి దానిని మరచినది; బిడ్డ మరువలేదు. ఆమె విద్వాంసురాలై పాఠము చెప్పలేదు. శ్రద్ధగా విన్నది, అంతియే. తల్లి శ్రద్ధయే బిడ్డకు విద్య అయినది.

చదువురాని తల్లి చేయవలసిన పని ఒకటే. బిడ్డ బడి నుండి రాగానే దగ్గర కూర్చుండబెట్టుకొని, "బిడ్డా, ఇయ్యాల ఏం నేర్చినవో నాకు చదివి వినిపించు" అని అడుగవలెను. బిడ్డ చదువుచుండగా పని ఆపి వినవలెను. "తరువాత ఏమైనది? ఎందుకట్లన్నాడు?" అని అడుగవలెను. వినువారున్నచో చదువువానికి ఉత్సాహము కలుగును. బిడ్డ తప్పు చదివినను కథ అర్థము కాకపోవుటచేత అమ్మ అడుగును. ఆ ప్రశ్నకు బిడ్డ మరల చూచి తానే దిద్దుకొనును. అవ్వకు అక్షరములు రాకున్నను వంద కథలు వచ్చును. ఆమె కథను పెద్దపిల్ల ఒక కాగితముపై నాలుగు పంక్తులుగా వ్రాసినచో, చిన్నవానికి అదియే వాచకము.

మరియొక ఉపాయము. మన భజనమండలులలో భద్రాచల రామదాసు కీర్తనలు బిడ్డలకు కంఠస్థములై ఉండును. ఆ కీర్తన అచ్చయిన పుస్తకమును తెరచి, పాడుచు ప్రతిమాట క్రింద వ్రేలు కదపుమనుడు. నోటికి వచ్చినదే కంటికి కనిపించును. చెవి కంటికి దారి చూపును.

ఆర్టీసీ బస్సు బోర్డులు, అంగడి పలకలు కూడ పాఠములే. దేవరకొండ, మన్యంకొండ – రెండింటిలోను 'కొండ'ను వెదకుమనుడు. సెల్‌ఫోనులోని అక్షరముల పాటలను కొంచెముసేపు విననిచ్చినను దోషము లేదు. కాని ఫోను పలుకును గాని వినదు, ఒడిలో కూర్చుండబెట్టుకొనదు. బిడ్డకు కావలసినది వినువారు.

పెద్దపిల్లలను చిన్నపిల్లలకు గురువులుగా చేయుడు. గురువులు లేని సమయమున ప్రహ్లాదుడు తోడి బాలురను చేర్చుకొని బోధించినాడు కదా! చెప్పువానికి చదువు గట్టిపడును. వినువానికి భయము తొలగును.

ఈ నేల చరిత్ర

ఇల్లు బడి కాగలదనుటకు మన ప్రాంతచరిత్రయే సాక్షి. నిజాము పాలనలో రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. తెలుగు అక్షరము కావలెనన్నచో ఇంటిలోనో, ఖానగీ బడిలోనో, గ్రంథాలయములోనో వెదకుకొనవలసి వచ్చెడిది. అట్టి దినములలో 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు 'నీలగిరి' పత్రికను వెలువరించినారు. అలంపురం ప్రాంతమునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో హైదరాబాదున 'గోలకొండ' పత్రికను స్థాపించినారు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు బదులుగా, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించినారు. ప్రభుత్వపు బడి ఆదరింపని భాషలో ఇంతమంది కవులు నిలిచినారన్నచో, ఆ అక్షరమును కాపాడినది ఇండ్లును, గురువుల అరుగులును కాదా?

నకిరేకల్ సమీపమున 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు చిన్ననాడే తండ్రిని కోల్పోయి, ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేయుచు చదువుకొన్నారు. ఆయనయే 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసుకొని ఊరూర తిరిగి అమ్మినారు. ఒక ఇంటి పొయ్యి దగ్గర దొరికిన అక్షరము తరువాత ఎన్ని ఇండ్లకు చేరినదో ఊహింపుడు.

ఏ భాషలో మొదలిడవలెను?

2022–23 విద్యాసంవత్సరము నుండి మన ప్రభుత్వ పాఠశాలలలోను ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. "బడిలో ఇంగ్లీషు కదా, ఇంట తెలుగు ఎందుకు?" అని కొందరు అడుగుచున్నారు. చదువుట అనగా అక్షరమును శబ్దముగా, శబ్దమును అర్థముగా మార్చుకొనుట. తనకు తెలిసిన మాటలపై బిడ్డ ఆ విద్యను ఒకసారి పట్టుకొన్నచో, దానినే రెండవ భాషకు తీసుకొనిపోగలడు. తెలియని మాటలపై మొదలిడినచో, అర్థము లేని వల్లింపు మిగులును. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ సాధ్యమైనంతవరకు ఐదవ తరగతి దాక ఇంటిభాషలో బోధింపుమనియే చెప్పినది. కనుక బడిలో ఆంగ్లము సాగనిండు. ఇంట తెలుగు వెలుగవలెను.

దేవరకొండ తండాలలో లంబాడీ పలుకు, నారాయణపేట ప్రాంతమున కన్నడము ఇంటిభాషలుగా ఉన్నవి. ఆ తల్లులు తమ భాషలోనే కథలు చెప్పవలెను, పాటలు పాడవలెను. ఏ భాషలో విన్నను శ్రవణము శ్రవణమే. మాటలు సమృద్ధిగా విన్న బిడ్డ తెలుగు వాచకమును కూడ త్వరగా అందుకొనును.

జాగ్రత్తలు

తొందర పనికిరాదు. మూడవ ఏట సంస్కారము జరిగినను, మూడవ ఏటనే పుస్తకము చదువవలెనని కాదు. మూడు, నాలుగేండ్లకు కథలు, పాటలు, ముగ్గుగీతలు. ఐదు, ఆరేండ్లకు అక్షరములు, మాటలు. పక్కింటి బిడ్డతో పోల్చరాదు. బలపము పట్టు బలము చేతికి రాకముందే పుటలు నింపింపరాదు. చదువును శిక్షగా విధింపరాదు.

ఎంత ఓపికతో చెప్పినను కొందరు బిడ్డలకు అక్షరములు నిలువవు. వారు మందబుద్ధులని తలంపకుడు. కొందరికి చూపు సరిగా ఉండదు. కొందరికి వినికిడి తక్కువ. మరికొందరు అన్నిట చురుకైనవారే అయినను అక్షరములు మాత్రము వారికి తారుమారుగా తోచును. అట్టి బిడ్డలను వైద్యునికి చూపవలెను, ఉపాధ్యాయునితో మాట్లాడవలెను. వారికి కావలసినది ఎక్కువ సమయము, వేరొక పద్ధతి. ఎక్కువ దెబ్బలు కావు.

ఒక మండల దీక్ష

భక్తులారా! మాలలు ధరించి 41 దినములు నియమముతో దీక్ష చేయు శక్తి మనకున్నది. అదే శ్రద్ధతో ఒక మండలకాలము అక్షరదీక్ష పూనుడు. సంధ్యాదీపము వెలిగించిన వెంటనే, టీవీ కట్టివేసి, బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. ఐదు నిమిషములు కథయో పాటయో. ఐదు నిమిషములు పాత అక్షరములు, ఒక కొత్త అక్షరము. ఐదు నిమిషములు బిడ్డ చదువగా మీరు వినుట. చివర ఒక బెల్లపు ముక్క. 41 దినములు పూర్తియగునప్పటికి అది ఇంటి ఆచారమగును. ఆపుమన్నను బిడ్డయే ఆపనీయడు.

దేవునికి పెట్టు దీపము ఇంటిని ఎట్లు వెలిగించునో, ఆ దీపము వెలుగున చదివిన అక్షరము వంశమును అట్లు వెలిగించును. అటుకపైనున్న పలకను నేడే దింపుడు. తప్పు పలికిన బిడ్డను ఒడి దింపకుడు.

శ్రీ లక్ష్మీనృసింహస్వామి అనుగ్రహమును, జ్ఞానసరస్వతి కటాక్షమును మీ బిడ్డలకు సంపూర్ణముగా లభించుగాక!

శుభం భూయాత్.